సరుగుడాకు మీద ఎర్రయ్య కాపలా

కొల్లాటి ఎర్రయ్య సరుగుడు తోటకి వాచరుగా పనిచేసింది ఐదేళ్ళ తొమ్మిది నెలలు. అందులో రెండున్నరేళ్ళు ఒక తప్పు పనిని చాలా శ్రద్ధగా చేశాడు. ఊళ్ళో ఎవరూ అది తప్పని అప్పట్లో అనలేదు. అన్యాయం అన్నారు, అతి అన్నారు, కళ్ళు నెత్తికెక్కాయన్నారు. తప్పు అన్న మాట మటుకు ఎవరికీ తోచలేదు. ఎర్రయ్యకి అసలే తోచలేదు.

అంతర్వేదికి తూర్పుగా, సముద్రపు ఒడ్డు వెంట ఇసుక దిబ్బల వెనక కొత్తదిబ్బ అనే పల్లె ఉంది. అరవై గడపలు చేపలవాళ్ళవి. వాటికి ఆనుకుని ఉత్తరాన ముప్పై ఇళ్ళ క్రైస్తవుల పేట, ఒక చిన్న చర్చి. 1996 నవంబరు తుపానుకి ఆ పల్లెలో ఇరవై ఎనిమిది మంది పోయారు. అప్పటికి ఎర్రయ్యకి ముప్పై రెండేళ్ళు. పదిహేడేళ్ళుగా పడవ మీదే బతికినవాడు. ఆ రాత్రి అతని ఇల్లూ, పడవలో వాటా, అన్న వీరన్నా పోయారు. నీళ్ళు తీసిన మూడోరోజున శవాల కోసం తిరుగుతూ ఎర్రయ్య ఒక సంగతి గమనించాడు. పల్లెకి పడమటి కొసన ఎవరో ఎప్పుడో వేసిన పాత సరుగుడు గుబురొకటి ఉండేది. దాని వెనకున్న పదకొండు ఇళ్ళకీ కప్పులు లేచిపోయాయి గాని గోడలు నిలిచాయి. ఆ పదకొండు ఇళ్ళలో ఒక్క మనిషి కూడా పోలేదు.

మరుసటి ఏడాది ఒడ్డు వెంట గవర్నమెంటువాళ్ళు సరుగుడు తోట వేస్తారని, నాటడానికి కూలీలు కావాలని కబురొచ్చినప్పుడు ముందు వెళ్ళి నిలబడింది ఎర్రయ్యే. రెండు కిలోమీటర్ల పొడవు, రెండు వందల గజాల వెడల్పు. సముద్రానికీ పల్లెకీ మధ్య ఒక గోడలాగ. ఇసుకలో రెండు మూరలు తవ్వితే ఊరే మంచినీళ్ళు బిందెలతో తోడి మొక్క మొక్కకీ పోశారు. మొదటి వేసవికి మూడోవంతు మాడిపోయాయి. మాడినచోట మళ్ళీ నాటారు. ఉప్పుగాలికి కొన్ని, మేకలకి కొన్ని పోయాయి. మళ్ళీ నాటారు. తోట మీద ఆఫీసరు కామరాజు నెలకోసారి మలికిపురం వైపు నుంచి మోటారు సైకిలు మీద వచ్చేవాడు. నాటేటప్పుడు ఎర్రయ్య వరస తప్పకుండా నాటడం చూసి, వాచరుగా వేయించాడు. ఒక ఖాకీ చొక్కా, ఒక పొడుగు కర్ర ఇచ్చారు. పనిముట్లు పెట్టుకోవడానికి తోట అంచున ఒక పాక వేశారు.

2000 సంవత్సరానికి చెట్లు మూడు నిలువుల ఎత్తయ్యాయి. ఆకు రాలడం మొదలైంది. సరుగుడాకు సూదుల్లా సన్నగా ఉంటుంది, ఎండితే ఇట్టే అంటుకుంటుంది. వానాకాలంలో తప్ప ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటుంది. గ్యాసు పొయ్యిలు ఆ పల్లెకింకా రాలేదు. వెదురు బద్దల్ని వేళ్ళలా వంచి కట్టిన కర్రలు పట్టుకుని ఆడవాళ్ళు పొద్దున్నే తోటలోకి వచ్చేవారు. పాతచీర నేల మీద పరిచి, ఆకు దాని మీదకి లాగి, మూట కట్టి నెత్తిన పెట్టుకుని పోయేవారు. రెండు మూటలు పోతే తోటలో రెండు మంచాలంత మేర ఇసుక కనిపించేది.

ఆ ఏడాది చివర్లో ఒకరోజు మూడు చెట్లకి కింది కొమ్మలన్నీ ఎవరో కొట్టేసి ఉన్నాయి. కామరాజు చూసి, "కొమ్మ మీద కత్తి పడనివ్వకు ఎర్రయ్యా," అన్నాడు. అంతే అన్నాడు. ఎర్రయ్య రాత్రంతా ఆలోచించాడు. కొమ్మ కొట్టినవాళ్ళెవరో తెలీదు. తోటలోకి వచ్చేది ఆకు కోసం వచ్చే ఆడవాళ్ళు. వాళ్ళని రానివ్వకపోతే కొమ్మలకి భయం ఉండదు. తెల్లారేసరికి తోట చుట్టూ కాపలా కట్టుదిట్టం చేశాడు. వారంలో ఇరవయ్యేడు ఆకుకర్రలు లాక్కుని పాకలో పడేసి తాళం వేశాడు.

ఆ ఇరవయ్యేడులో ఒకటి పేటలో ఉండే సూరమ్మది. యాభై ఐదేళ్ళ మనిషి, భర్త లేడు. చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే, పేటలో తగువు ఎత్తుకునేదీ ఆమే. ఎంత కోపం వచ్చినా మాటకి అండీ తగిలించడం మానదు.

"ఏటండీ వాచరుగారూ, రాలిన ఆకు కూడా గవర్నమెంటుదేనా?" అని అడిగింది.

"చెట్టు ఎవరిదైతే ఆకూ వాళ్ళదే."

"అయితే గాలికి మా వాకిట్లోకి కొట్టుకొచ్చింది కొంచెం ఉందండి. రేపు ఊడ్చి తెచ్చి అప్పజెప్పేస్తాను. రసీదు ఇద్దురుగాని."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎర్రయ్య నవ్వలేదు. అతనికి ఆ తోట హాస్యం కాదు. తోట పెరిగితే పల్లె ఉంటుంది, లేకపోతే తొంభయ్యారు మళ్ళీ వస్తుంది. తోటలోంచి ఏది బయటికి పోయినా తోట అంత తరిగినట్టే అతని లెక్క. ఇంట్లో కూడా అదే రూలు పెట్టాడు. భార్య వీరవేణి కొబ్బరి మట్టల కోసం మైలు నడిచి వెళ్ళాల్సి వచ్చేది.

"ఊరందరికీ నువ్వు వాచరువి. నాకు మొగుడివి," అంది ఒకరోజు. "పొయ్యిలో ఏం పెట్టమంటావు? ఆ ఖాకీ చొక్కా పెట్టనా?"

"చొక్కా గవర్నమెంటుది."

"అవునవును. దానికీ రసీదు రాస్తావు."

ఒక్క చోట మటుకు ఎర్రయ్య ఆట సాగలేదు. తోటకి ఉత్తరపు అంచున, మధ్యలో, పేటవాళ్ళ సమాధుల తోట ఉంది. సిమెంటు సమాధులు ఏడెనిమిది, మిగతావి మట్టి దిబ్బలు, సిలువలు. ఈస్టరు తెల్లవారుజామున పేట మొత్తం దీపాలు పట్టుకుని అక్కడికి వచ్చి పాటలు పాడతారు. దానికి నెల ముందు నుంచే ఊడ్చి శుభ్రం చేస్తారు. సూరమ్మ భర్త కూడా అక్కడే ఉన్నాడు. ఆమె కొత్త ఆకుకర్ర కట్టుకుని, ఈస్టరుకి సంబంధం లేకుండా, ఏడాది పొడుగునా వెళ్ళి అక్కడ ఊడ్చేది. ఆమె వెనక ఇంకో నలుగురు. ఎర్రయ్య అడ్డం వెళితే, "మావాళ్ళ సమాధులండి. ఊడ్చొద్దని రాసిన కాయితం చూపించండి, మానేస్తాం," అనేది. చర్చి సంగతి కాబట్టి ఎర్రయ్య వెనక్కి తగ్గాడు. ఊడ్పు సమాధుల దగ్గర మొదలై రోజుకో బారెడు చొప్పున తోటలోకి జరిగిందని అతనికి తెలుసు. చూడనట్టు ఊరుకున్నాడు. తూర్పు కొసదాకా ఆ అంచంతా ఇసుక తేలి ఉండేది.

మిగతా తోటంతా మెత్తగా మారిపోయింది. 2002లో కామరాజు వచ్చి చెప్పులు విడిచి నడిచి చూశాడు. "పరుపులా ఉందయ్యా," అన్నాడు. ఎర్రయ్య ఆ మాట ఇంటికెళ్ళి వీరవేణికి చెప్పాడు. ఆమె మట్టలు విరుస్తూ, "అయితే అక్కడే పడుకో," అంది.

* * *

2003 మే నెల చివరి వారం. ఆ ఏడు ఎండలు ఎలా కాశాయో కోనసీమలో పెద్దవాళ్ళందరికీ గుర్తే. వడగాలి వారం రోజులుగా పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు వస్తోంది. పొద్దున్న పదిగంటలకి ఎర్రయ్య పాక ముందు చద్దన్నం తింటూ ఉండగా తోట మధ్యన, సముద్రం వైపుకి, పొగ కనిపించింది. నిప్పు ఎలా అంటుకుందో ఈరోజుకీ తేలలేదు.

వెళ్ళి చూసేసరికి మంట పెద్దది కాదు. మోకాలెత్తు కూడా లేదు. నేలమీద ఆకులో పాకుతోంది. గాలి పల్లె వైపు నుంచి సముద్రం వైపుకి ఉంది కాబట్టి మంట కూడా అటే పోతోంది. ఎర్రయ్య కేకలకి మగవాళ్ళు ముప్పై మంది పరిగెత్తుకొచ్చారు. పచ్చి కొమ్మలతో కొట్టారు, తడిపిన గోనెసంచులు వేశారు, బిందెలతో సముద్రపు నీళ్ళు పోశారు. పోసిన నీళ్ళు పై ఆకుని తడిపి జారిపోయేవి. చీలమండ లోతు ఆకులో అడుగున నిప్పు అలాగే ఉండేది. తడిసినచోట పొగ రావడం, కాసేపటికి పక్కన మళ్ళీ లేవడం.

అందరూ సముద్రం వైపే నిలబడ్డారు. మంట ఎత్తుగా ఉన్నది అక్కడే కాబట్టి. పన్నెండు అవుతుండగా మంట చివరి వరసలు దాటి ఒడ్డు ఇసుకలోకి వచ్చి, తినడానికేమీ లేక ఆగింది. మగవాళ్ళు ఇసుకలో కూలబడ్డారు. ఒకడు తలగుడ్డ పిండుకుంటూ, "ఎర్రయ్యా, నీ తోట సముద్రంలోకి దూకి చచ్చిపోదామనుకుందిరా," అన్నాడు. అందరూ నవ్వారు. ఎర్రయ్యకి కూడా నవ్వొచ్చింది. పోయింది ఐదెకరాలు. అంతే అనుకున్నాడు.

మంట వెనక అంచుని ఎవరూ చూడలేదు. పల్లె వైపున్న అంచు. అటు గాలికి ఎదురు కాబట్టి నిప్పు లేవలేదు గాని చావలేదు కూడా. పరుపులాంటి ఆ ఆకు అడుగున అంగుళం అంగుళం తింటూ, మూడు వందల గజాల పొడుగున తూర్పుకీ పడమరకీ పరుచుకుంది.

వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంట మధ్యలో ఆ ఒడ్డున గాలి తిరుగుతుంది. పొద్దుటి నుంచి నేల మీంచి సముద్రానికి పోయే గాలి ఆగి, సముద్రం మీంచి నేలకి రావడం మొదలవుతుంది. ఆ ఇసుకలో కూర్చున్న ముప్పై మందికీ ఈ సంగతి ఒంట్లో ఉంది. చిన్నప్పటి నుంచి ఆ గాలి కోసం ఎదురు చూసి, అది వీచగానే తెరచాప ఎత్తి ఇంటికొచ్చినవాళ్ళు. ఎర్రయ్య అయితే కళ్ళు మూసుకుని, చెవి మీద తగిలే చల్లదనాన్ని బట్టి టైము చెప్పేవాడు. ఆరోజు ఆ గాలి ఒక్కరికీ గుర్తు రాలేదు. గాలి అంటే వాళ్ళకి పడవ సంగతి. తోటలో నిప్పుకీ దానికీ సంబంధం ఉంటుందని ఆలోచించే అవసరం అప్పటిదాకా ఎప్పుడూ పడలేదు.

చెవి మీద చల్లగా తగిలింది. ఎర్రయ్య లేచి నిలబడ్డాడు. తోటలోంచి ఈతాకులు విరుగుతున్నట్టు చప్పుడు వినిపించింది. వెనక అంచంతా ఒక్కసారిగా లేచి పల్లె వైపు నడవడం మొదలుపెట్టింది. మగవాళ్ళేమో సముద్రం ఒడ్డున ఉన్నారు. వాళ్ళకీ వాళ్ళ ఇళ్ళకీ మధ్య నిప్పు ఉంది.

ఒడ్డు వెంట తూర్పుకి పరిగెత్తి, తోట కొస చుట్టి పల్లె వైపుకి వచ్చేసరికి పావుగంట పట్టింది. తుపాను తర్వాత కట్టిన సిమెంటు ఇళ్ళున్నా, ప్రతి ఇంటికీ ముందో వెనకో తాటాకు వంటపాక ఉంది, వలల పాక ఉంది. ఒక్క పాక అంటుకుంటే ఇక ఆ వరసలో ఆపడానికేమీ ఉండదు. తొంభయ్యారులో ఎర్రయ్య అన్నని వెతికిన దారి అదే. ఇప్పుడు తను నీళ్ళుపోసి పెంచిన గోడే నిప్పయి ఆ ఇళ్ళ మీదికి వస్తోంది.

సమాధుల తోట దగ్గరికి వచ్చి ఆగాడు. మంట అక్కడికి ముందే చేరింది. చేరి, ఊడ్చిన నేల దగ్గర నిలబడి, ఎత్తు తగ్గి, ఆరిపోయింది. సూరమ్మా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ తడిగుడ్డలతో ఎగిరిపడ్డ నిప్పురవ్వల్ని కొడుతున్నారు. సమాధుల నుంచి తూర్పుగా కూడా తోటలో మంట వచ్చిన మేరంతా ఇసుక అంచుదాకా వచ్చి ఆగింది.

అప్పుడే పేట సందులోంచి ఐదుగురు ఫైరు స్టేషను మనుషులు నడిచి వచ్చారు. బండి ఇసుకలో దిగబడుతుందని తారురోడ్డు చివర ఆపాల్సి వచ్చింది. పైపులు అంతదూరం అందవు. వాళ్ళ పెద్ద సుందరరావు, నలభై ఏళ్ళ మనిషి, టోపీ చంకలో పెట్టుకుని ఆ ఇసుకని అటూ ఇటూ చూశాడు.

"ఇక్కడ ఊడ్చిందెవరండి?"

"మేమేనండి. మా సమాధులు," అంది సూరమ్మ.

"సమాధులు అక్కడున్నాయి కదండీ. మీరు నలభై అడుగులు లోపలికి ఊడ్చేరు."

సూరమ్మ ఒకసారి ఎర్రయ్య వైపు చూసింది. "చీపురు ఆగలేదండి," అంది.

సుందరరావు సమాధుల నుంచి పడమటికి, ఇళ్ళు తోటని ఆనుకుని ఉన్న మేర చూపించాడు. రెండు వందల గజాలు. అక్కడ ఆకు అలాగే ఉంది. మంట ఇంకా లోపల ఉంది, అరగంటలో వస్తుంది. "ఇక్కడ ఎలా ఉందో అక్కడా అలా కావాలండి. నీళ్ళు కాదు, నేల కావాలి. ఆకు లాగే కర్రలు ఎన్నున్నాయి ఊళ్ళో?"

అందరూ ఎర్రయ్యనే చూశారు.

"ఇరవయ్యేడు," అన్నాడు ఎర్రయ్య. "నా పాకలో ఉన్నాయండి. తాళం వేసి."

తాళం తీసి కర్రలు పంచాక ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. వరసగా నిలబడి, చీరలు పరిచి, లాగి, మూట కట్టి ఇళ్ళకి దూరంగా పారేసి వచ్చారు. సూరమ్మ ఒక కొసన నిలబడి, "వీరవేణమ్మా, మీ వాటా వెనకబడిందండి, మొగుడి మీద కోపం కర్ర మీద చూపించండి," అని అరుస్తూనే ఉంది. అరగంటలో ఎనిమిదడుగుల వెడల్పున ఇసుక గీత తేలింది. మంట అప్పటికి కనిపిస్తోంది. కింది ఎండుకొమ్మలు పట్టుకుని నిలువెత్తు లేస్తోంది.

"ఎనిమిదడుగులు దాటడం దానికి ఒక లెక్క కాదండి," అన్నాడు సుందరరావు. "ఈ గీత లోపలి నుంచి ముందు వరసలకి మనమే నిప్పు పెట్టాలి. గాలికి ఎదురు కాబట్టి నెమ్మదిగా పోద్ది. అది వచ్చేసరికి తినడానికి ఏమీ మిగలకూడదు."

"అవి నా చేత్తో నాటినవండి," అన్నాడు ఎర్రయ్య. "మూడుసార్లు నాటేను అక్కడ."

"మీరు పెట్టకపోతే పది నిమిషాల్లో అదే పెడుద్దండి. అది పెడితే ఎక్కడ ఆగాలో దానికి తెలీదు."

ఎర్రయ్య ఎండుమట్ట ఒకటి అంటించి, గీత వెంట వంగి నడుస్తూ రెండు వందల గజాలూ తనే పెట్టాడు. ఇంకొకరికి ఇవ్వలేదు. మంట చిన్నగా, గాలికి ఎదురీదుతూ లోపలికి పోయింది. ఆడవాళ్ళు గీత మీద నిలబడి ఇటు పడ్డ రవ్వ మీద ఇసుక పోశారు. లోపల రెండు మంటలూ కలిసినచోట కొబ్బరిచెట్టంత ఎత్తు లేచి, ఒక పెద్ద చప్పుడు చేసి, పడిపోయింది. రెండు వలల పాకలు పోయాయి. మనుషులకేమీ కాలేదు, ఎర్రయ్య అరికాళ్ళు కాలడం తప్ప. తోటలో ఐదింట ఒక వంతు నల్లగా అయిపోయింది.

* * *

మర్నాడు పొద్దున్న సుందరరావు మళ్ళీ వచ్చాడు. ఎక్కడైనా పొగ మిగిలిందేమో చూడ్డానికి. చూసుకున్నాక చర్చి అరుగు మీద కూర్చుని అందరినీ రమ్మన్నాడు.

"తిట్టుకోడానికి కాదండి. పదిగంటల నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పుకుందాం. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎందుకు నిలబడ్డారు. ప్రతి నిప్పు తర్వాతా ఇలా అడుగుతానండి. లేకపోతే వచ్చేసారి కూడా అక్కడే నిలబడతాం."

సముద్రం వైపు ఎందుకున్నారంటే మంట పెద్దది కాబట్టి అన్నారు. గాలి ఎన్నింటికి తిరుగుతుందని అడిగితే ముప్పై గొంతులు ఒకేసారి టైము చెప్పాయి. చెప్పాక వాళ్ళలో వాళ్ళే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆకు ఎంత లోతుందండి?"

"చీలమండ దాకా," అన్నాడు ఎర్రయ్య. కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళది?"

"రెండున్నరేళ్ళది. అంతకు ముందు ఉండేది కాదండి. వీళ్ళు లాక్కెళ్ళేవారు. నేను ఆపేను," అన్నాడు.

సూరమ్మ ఏదో అంటుందని అందరూ చూశారు. ఆమె ఆకుకర్ర తీసుకుని సమాధుల వైపు నడిచింది.

నాలుగోరోజు కామరాజు వచ్చాడు. చెడ్డవాడు కాదు. పై ఆఫీసుకి ఒక కారణం రాసి పంపాలి, అది అతని పని. కాయితం ముందే రాసుకొచ్చాడు. ఆకు కోసం అనుమతి లేకుండా తోటలో చొరబడ్డ స్త్రీల అజాగ్రత్త వల్ల నిప్పు అంటుకుందని, ఇకమీదట తోట చుట్టూ ముళ్ళకంచె వేసి ఎవరినీ రానివ్వకూడదని అందులో ఉంది. కింద వాచరు సంతకానికి చోటుంది.

ఎర్రయ్య నెమ్మదిగా చదువుకున్నాడు. ఐదో తరగతి దాకా చదివాడు. మిగిలిన ఐదింట నాలుగు వంతుల తోట అతని కళ్ళముందు ఉంది. ముళ్ళకంచె పడితే ఆకు మళ్ళీ పడుతుంది. రెండేళ్ళకి చీలమండ లోతు, మూడేళ్ళకి పిక్క లోతు. ఈసారి సూరమ్మని సమాధుల దగ్గరికి కూడా రానివ్వరు. ఆ తర్వాత తోటా ఉండదు, దాని వెనక పల్లే ఉండదు.

"ఇది జరగలేదండి," అన్నాడు.

"ఏది జరగలేదు? నిప్పా?"

"ఆడాళ్ళు రావడం. రెండున్నరేళ్ళుగా ఎవర్నీ రానివ్వలేదు నేను. అందుకే కాలింది."

కామరాజు కలం మూత పెట్టాడు. "నేను నిన్ను ఆకు ఆపమన్నానా ఎర్రయ్యా?"

"లేదండి. తమరు కొమ్మ మాట చెప్పేరు. ఆకు మాట నేను కలుపుకున్నాను."

"నీ మంచికే చెబుతున్నాను విను. ఇందులో నీ పేరు లేదు. నువ్వు చెప్పినట్టు రాస్తే ముందు పోయేది నీ ఉద్యోగం. పర్మనెంటు చేద్దామని నీ పేరు పంపించి ఆరు నెలలైంది, తెలుసా?"

"ఆయ్."

"తెలిసీ?"

"ఆయ్. కంచె మటుకు వద్దని రాయండి. ఏటా మాఘమాసంలోపు ఊడ్పించమని రాయండి. ఊడ్చిన చోట ఆగింది, ఊడ్వని చోట ఆగలేదు. తమరు వచ్చి చూడండి, సమాధుల దగ్గర గీత గీసినట్టుంది."

కామరాజు వెళ్ళి చూశాడు. సమాధుల పక్కన ఇటు పచ్చగా, అటు నల్లగా ఉన్న చోట చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి కొత్త కాయితం తీసి, ఎర్రయ్య చెప్పింది చెప్పినట్టు రాశాడు. మెత్తబరచలేదు, పెంచలేదు. ఎర్రయ్య సంతకం పెట్టాడు. జూన్ రెండో వారంలో వాచరు పని నిలిపేశారు. ఖాకీ చొక్కా, కర్ర, పాక తాళంచెవి అప్పజెప్పాడు.

"ముందు నాతో ఒక మాట చెప్పొచ్చు కదా," అంది వీరవేణి.

"చెప్తే వద్దంటావని."

"అనకుండా ఎలా ఉంటాను?" అని, పాతచీర భుజాన వేసుకుని ఆకుకి వెళ్ళిపోయింది.

* * *

ఎర్రయ్య మళ్ళీ పడవెక్కాడు. కొత్త వాచరుగా రాజేంద్ర అనే కుర్రవాడు వచ్చాడు. మరుసటి జనవరికి ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. పల్లెవాళ్ళు రాలిన ఆకు తీసుకోవచ్చు, ఇళ్ళ వైపు అంచున ఇరవై అడుగుల మేర ఊడ్చి ఉంచాలి, కొమ్మ మీద మటుకు చెయ్యి వేయకూడదు.

ఆ గీత ఎక్కడ పడాలో ఏటా ఎర్రయ్యే తాడు పట్టుకుని చూపించేవాడు. అడిగినవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు. మొదటి ఏడాది అందులోనూ తప్పు జరిగింది. రెండున్నరేళ్ళ కరువు తీర్చుకున్నట్టు ఆడవాళ్ళు తోటంతా అద్దంలా ఊడ్చేశారు. ఏప్రిల్ గాలికి సముద్రం వైపు వరసల్లో ఇసుక లేచిపోయి వేళ్ళు బయటపడ్డాయి. పదిహేను చెట్లు ఒరిగాయి. అప్పుడు చర్చి అరుగు మీద మళ్ళీ కూర్చున్నారు. సుందరరావుకి బదిలీ అయిపోయింది. అయినా అతను అడిగిన వరసలోనే అడిగారు. ఎవరు ఎక్కడ ఊడ్చారు, ఎందుకు ఊడ్చారు. సముద్రం వైపు పది వరసలు వదిలెయ్యాలని, ఇళ్ళ వైపు మటుకు ఇసుక తేలాలని తేల్చుకున్నారు.

"ఇదేదో మొదట్లోనే చెప్పుంటే పోయేది కదండీ వాచరుగారూ," అంది సూరమ్మ. ఉద్యోగం పోయినా ఆమె ఆ పిలుపు మానలేదు.

"మొదట్లో నాకు తెలీదు."

"మాకూ తెలీదనుకోండి. మాకు ఆకు కావాలి, అంతే."

కాలినచోట కొత్త మొక్కలు వేశారు. ఈసారి అడ్డంగా మధ్యలో రెండు బాటలు ఖాళీగా వదిలారు. ఎక్కడైనా అంటుకుంటే ఒక ముక్కలోనే ఉండడానికి.

2006 మార్చిలో ఎర్రయ్య మూడు రోజుల వేటకి వెళ్ళి వచ్చాడు. ఒడ్డున పడవ లాగుతూ ఉండగా తోటలో పడమటి వైపు నల్లటి మచ్చ కనిపించింది. వల అక్కడే వదిలేసి వెళ్ళాడు. నేల చల్లగా ఉంది. సూరమ్మ దగ్గర్లోనే మూట కట్టుకుంటోంది.

"ఎప్పుడు?"

"మొన్న మధ్యాహ్నమండి."

"ఒడ్డుకి రాగానే ఎవరూ చెప్పలేదేం నాకు?"

"చెప్పడానికేముందండి? అంటుకుంది, బాట దాకా వచ్చింది, ఇటు గీత దాకా వచ్చింది. నలుగురం ఇసుక పోసేం. పోసి అన్నాలకి పోయేం."

ఎర్రయ్య ఆ మచ్చని అడుగులతో కొలిచాడు. పొడుగు ముప్పై ఒకటి, వెడల్పు పంతొమ్మిది. అంచు వెంట తిరిగి వస్తూ పడమటి కొసన ఆగిపోయాడు. ఊడ్చిన గీత అక్కడ ఇరవై అడుగులు లేదు, పది కూడా లేదు. త్రిమూర్తులు అనే అతను కొత్తగా తాటాకు వంటపాక వేసి ముందుకి జరిపాడు. ఎర్రయ్య వెళ్ళి తలుపు కొట్టాడు.

"పాక జరపాలి త్రిమూర్తులూ. పది అడుగులు."

"నువ్విప్పుడు వాచరువి కాదు కదా బావా?"

"కాదు."

"మరి ఏ లెక్కన చెబుతున్నావు?"

"అందులో పొయ్యి పెట్టుకునేది నువ్వు. గీత మీద కట్టేవు. జరపాలి."

మాటా మాటా పెరిగి, వీరవేణి వచ్చి ఎర్రయ్యని చెయ్యి పట్టుకుని తీసుకుపోవాల్సి వచ్చింది. ఆ వారమంతా ఎర్రయ్య రోజూ ఒడ్డు నుంచి ఇంటికెళ్ళే ముందు ఆ గుమ్మం దగ్గర ఆగి, అదే మాట చెప్పి వెళ్ళేవాడు. ఆ తర్వాతి ఆదివారం త్రిమూర్తులు పాక విప్పి వెనక్కి వేశాడు. పది అడుగులు కాదు, ఆరే. మిగతా నాలుగు అడుగుల కోసం ఎర్రయ్య సోమవారం మళ్ళీ వెళ్ళాడు.